అంటు తగలని క్యాబేజీ

నా చిన్నప్పుడు దేవుణ్ణి మార్చుకున్న కుటుంబాలను చాలా చూశాను. దేవుడితో పాటు అంటును కూడా వదులుకున్న ఇల్లు మాత్రం ఒక్కటీ చూడలేదు. మాది గోదావరి జిల్లా. మా తాతయ్య కాలంలోనే మావాళ్ళు క్రైస్తవంలోకి వెళ్ళారు. జాతకాలు చించేశారు, బొట్టు చెరిపేశారు, ముహూర్తాలను ఎగతాళి చేశారు. నెలకు మూడు రోజులు ఆడది జాడీని ముట్టుకుంటే ఊరగాయ చెడిపోతుందన్న నమ్మకాన్ని మాత్రం చెక్కుచెదరకుండా కాపాడుకున్నారు. తొంభైలలో మా నాన్నకు ఖతర్‌లో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం వచ్చి మేమంతా అక్కడికి వెళ్ళినప్పుడు ఆ నమ్మకం కూడా మాతో పాటు విమానం ఎక్కింది. దాన్ని వీసా అడిగినవాడు లేడు.

ముఐథర్ అనే శివారు పేటలో ఒక విల్లా కింది వాటాలో ఉండేవాళ్ళం. చర్చి కట్టుకునే వీలు ఆ రోజుల్లో లేదు. అందుకని సెలవు రోజైన శుక్రవారం తెలుగు కుటుంబాలన్నీ ఎవరో ఒకరి ఇంట్లో కూడుకునేవి. కిటికీలు మూసి, ఏసీ మోత కింద గొంతు తగ్గించి పాటలు పాడుకుని, ఆ తర్వాత భోజనాలు చేసేవాళ్ళం. ఆ కూడికకు తిరుగులేని అధికారి మేము పెద్దాంటీ అని పిలిచే ఆవిడ. ఆమె భర్త మా నాన్నకు ఆఫీసులో పైఅధికారి. నాన్నకు ఆ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. పెద్దాంటీ ఏం చెప్పినా చివర "వాక్యంలో ఉంది సిస్టర్" అని కలిపేది. బైబిల్లో ఎక్కడుందో చూపించమని అడిగినవాళ్ళు లేరు. ఉద్యోగం ఇప్పించినవాడి భార్య నోట ఏ మాటైనా వాక్యమే అవుతుంది.

నాకు పదమూడేళ్ళు నిండిన వేసవిలో, కూడిక ఆడవాళ్ళంతా కలిసి మా వంటింట్లో ఆవకాయ పెట్టారు. కూరగాయల మార్కెట్లో దొరికిన మామిడికాయలు, ఎవరో సెలవు నుంచి తిరిగొస్తూ తెచ్చిన ఆవపిండి, కారం. మొత్తం ఆరు పెద్ద జాడీలు. పెత్తనం పెద్దాంటీది, చాకిరీ మా అమ్మది. నేను జాడీలు తుడిచి అందించాను. నెల తిరిగేసరికి ఆరు జాడీలకు ఆరూ బూజు పట్టాయి.

పెద్దాంటీ కారణం వెతికిన తీరు చెప్పుకోదగ్గది. ముక్కలు తడి ఆరాయా అని అడగలేదు. నూనె చాలిందా అని అడగలేదు. మా అమ్మ వైపు తిరిగి, "ఆ రోజు నీ కూతురు ఎలా ఉంది సిస్టర్?" అంది. అబద్ధమాడటం చేతకాని మా అమ్మ తల దించుకుంది. అంతటితో విచారణ ముగిసింది.

"హవ్వ! నేననుకుంటూనే ఉన్నానండీ. పెద్దమనిషైన పిల్లకి ఆమాత్రం తెలీదా? జాడీలన్నీ ముట్టేసుకోడమేంటమ్మా!" అంటూ పెద్దాంటీ బుగ్గలు నొక్కుకుంది.

పదిమంది ఆడవాళ్ళు ఒకేసారి నా చేతుల వైపు చూశారు. ఆ చూపులకు నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆరు జాడీల ఆవకాయను తాకి కుళ్ళబెట్టే శక్తి ఒక పిల్ల వేళ్ళలో నిజంగా ఉంటే, దేశాలు ఆ పిల్ల కోసం కొట్టుకోవాలి కదా! శత్రువు గోదాముల మీదికి పంపితే తుపాకీ పేల్చకుండా యుద్ధం గెలిచేస్తుంది. అంత శక్తిగల దాన్ని వెనక చాప మీద కూర్చోబెట్టారు మన పెద్దలు. పాటల్లో నేను అందుకునే చరణాలు వేరే పిల్లకు ఇచ్చేశారు.

అక్కడితో ఆగినా సరిపోయేది. తర్వాతి శుక్రవారం పెద్దాంటీ మా నాన్నను పక్కకు పిలిచింది. "ఆడపిల్లని ఈ ఇరుకు కొంపలో ఏం పెంచుతావయ్యా? రాజమండ్రిలో మావాళ్ళ హాస్టలుంది. దసరా సెలవులయ్యాక చేర్చుకుంటారు. భయం, భక్తి నేర్పుతారు" అంది. నాన్న "చూద్దామండీ" అన్నాడు. ఆమె ముందు నాన్న చూద్దామంటే సరేనని అర్థం. రెండు రోజులకు హాస్టలు దరఖాస్తు కాగితాలు మా ఇంట్లో బల్ల మీద ఉన్నాయి. అమ్మను వదిలి, బడిని వదిలి, చేయని నేరానికి నేను సముద్రం దాటి వెళ్ళిపోవాలి. మా ఇంట్లో ఒక్కరూ నోరెత్తలేదు. అమ్మ రాత్రిళ్ళు ఏడవటం వినపడేది గానీ, పగలు మాట వినపడేది కాదు.

మా విల్లా మేడ మీది వాటాలో ఒక అమెరికా ముసలామె ఉండేది. ఆమె భర్త ఉత్తరాన గ్యాస్ బావుల దగ్గర పనిచేస్తూ వారానికోసారి ఇంటికొచ్చేవాడు. కంపెనీ వాళ్ళు ఉద్యోగుల కాంపౌండులో ఇల్లిస్తామన్నా ఆమె ఒప్పుకోలేదట. ఒకే అచ్చులో పోసినట్టు వరసగా నిలబడ్డ ఆ ఇళ్ళను చూస్తే, తన పుట్టిల్లు గుర్తొచ్చి ఊపిరాడలేదట. ఆమెది అపలేచియన్ కొండల్లో ఒక బొగ్గు లోయ. అక్కడ ఇల్లు కంపెనీది, దుకాణం కంపెనీది, చివరికి శవపేటికా కంపెనీదే. ఖతర్‌లో కూలీల బసల్ని అన్నట్టే, దాన్ని వాళ్ళు కూడా క్యాంప్ అనేవాళ్ళట. నేను ఆమెను కొండమామ్మ అనేదాన్ని. ఆ పేరుకు అర్థం చెప్తే చాలా సంతోషించింది.

కొండమామ్మ తన లోయ చరిత్ర రాసేది. అక్కడ వారానికోసారి వచ్చే చిన్న పత్రికకు టైపు కొట్టి పోస్టులో పంపేది. రాజులూ యుద్ధాలూ కావు. ఏ గనిలో ఏ ఏడు ఎవరు చచ్చిపోయారు, ఏ వాగు మీద వంతెన ఎవరు వేశారు, ఏ చెట్టు బెరడు దేనికి వాడేవారు, ఇవే. మంచు కరగగానే వాళ్ళ అడవిలో వెల్లుల్లి కంపు కొట్టే ఒక ఆకు మొలిచేదట. అది తిని బడికి వెళ్తే పంతులమ్మ ఆ వాసన భరించలేక ఇంటికి పంపేసేదట. పరీక్ష రోజున పిల్లలందరూ దాన్ని దండిగా తినేవారట. కొండ అన్నది ఒక్కటైనా లేని ఆ ఇసుక దేశంలో, ఏసీ గదిలో కూర్చుని, ఉదయం పది దాకా పొగమంచు వదలని లోయ గురించి ఆమె చెప్తుంటే నాకు చలేసేది.

ఆమె దగ్గర ఒళ్ళో పడుకోబెట్టుకుని వాయించే సన్నని తీగల వాద్యం ఒకటి ఉండేది. పక్షి ఈకతో మీటుతూ వాళ్ళ కొండ పాటలు పాడేది. వాటిలో సగం పాటల్లో ప్రియుడే పిల్లను ఏటిలో తోసి చంపుతాడు; పాట మాత్రం వాడి పశ్చాత్తాపం గురించే ఏడుస్తుంది. ఒక పాట విని నేను కళ్ళు తుడుచుకుంటే ఆమె వాయించటం ఆపేసింది. రాగం బాగుందని మాటను నమ్మెయ్యకు, పిల్ల చచ్చిపోయింది, అది చూడు అంది. ఈ ముక్క మా కూడికలో ఎవరైనా చెప్పి ఉంటే నా బతుకులో చాలా శుక్రవారాలు కలిసొచ్చేవి.

అన్నిటికంటే నాకు నచ్చింది ఆమె నోటు పుస్తకం. ముసలమ్మల దగ్గర సేకరించిన ప్రతి సంగతి పక్కనా మూడు గుర్తుల్లో ఒకటి పెట్టేది. కళ్ళారా చూసిందా, చెవులతో విన్నదా, తానే చేసి తెలుసుకున్నదా. గుర్తు లేని వాక్యం ఆ పుస్తకంలో లేదు.

ఆగస్టు ఉక్కలో ఒక మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే ఆమె కంటపడ్డాను. ఆవకాయ సంగతి, హాస్టలు సంగతి, అంతా చెప్పేశాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ముఖం పాలిపోయింది. లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి ఒక పేజీ తెరిచి చూపించింది. ఆ రోజుల్లో ఉన్న ఆడది చెయ్యి పెడితే క్యాబేజీ ఊరగాయ కుళ్ళిపోతుందని, దోస పాదుల మధ్య నడిస్తే తీగలు వాడిపోతాయని అందులో రాసి ఉంది. గోదావరి పేరు ఎన్నడూ వినని కొండలవి. ఆ కొండల పేరు ఎన్నడూ వినని గోదావరి మాది. అయినా ఆడదాన్ని దూరంగా కూర్చోబెట్టే తెలివి ఇద్దరికీ ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. ఆ వాక్యం పక్కన ఉన్న గుర్తు, విన్నది అని.

ఇది నిజమా అని అడిగాను. జవాబుకు బదులు, ఆ రోజులు నాకు మళ్ళీ ఎప్పుడని ఆమె అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను గానీ చెప్పాను.

ఆ రోజు రానే వచ్చింది. క్యాబేజీలు తెచ్చిపెట్టింది మా విల్లా వాచ్‌మన్, నిజామాబాద్ వైపు మనిషి. బస్తా మేడ మీద దించి, "ఏంది బిడ్డా, ఒక్క ముసలామెకు గిన్ని గడ్డలా? దుకాణం పెడ్తుండ్రా?" అని నవ్వి పోయాడు. వాళ్ళ క్యాబేజీ ఊరగాయలో కారం లేదు, నూనె లేదు. సన్నగా తరిగి, తూకంలో యాభయ్యో వంతు ఉప్పు వేసి, నీళ్ళూరేదాకా ఉత్త చేతులతో పిసికి, జాడీలో కూరి, పైన బరువు పెట్టి వదిలేయడమే. పులిసి అదే ఊరుతుంది. కొండమామ్మ రెండు జాడీలు పెట్టింది. ఒకే గడ్డలు, ఒకే ఉప్పు, ఒకే మూల. ఒకటి ఆమె పిసికింది, ఒకటి నేను పిసికాను. బరువుకు తమ ఏటి నుంచి తెచ్చుకున్న నున్నటి రాయి ఉంది గానీ ఒక్కటే ఉందని వాడలేదు. ఒకదాని మీద రాయి, ఒకదాని మీద మరొకటి పెడితే రేపు ఎవరైనా తప్పు రాయి మీద వేస్తారు అంది. రెండింటి మీదా నీళ్ళు నింపిన ఒకే రకం సీసాలు పెట్టాం. నా జాడీ మెడకు ఎర్ర దారం, ఆమె జాడీకి నీలం దారం.

మూడు వారాలకు పైగా ఎదురు చూశాం. రెండు జాడీల్లోనూ బుడగలు వచ్చాయి, రెండూ పుల్లటి వాసన కొట్టాయి. నేను రోజూ బడి నుంచి రాగానే మేడెక్కి బూజు కోసం వెతికేదాన్ని. ఒక మచ్చ కనబడితే రాజమండ్రి. నా మనసులో లెక్క అంతే.

సెప్టెంబరు చివర ఒక శుక్రవారం కూడిక మా ఇంట్లో జరిగింది. కొండమామ్మ రెండు జాడీలూ పట్టుకుని దిగింది. ఆమె రావడమే మావాళ్ళకు పండగ. సొంత పిల్లను చాప మీదికి నెట్టినవాళ్ళు, తెల్లతోలు కనపడగానే కుర్చీ తుడిచి వేశారు. ఆమెకు ఆ రోజులు ఎప్పుడు వచ్చాయి, ఎప్పుడు పోయాయి అని అడిగినవాళ్ళు లేరు. దొరసాని చెయ్యి పుట్టుకతోనే పవిత్రం కాబోలు.

భోజనాల దగ్గర ఆమె రెండు ఊరగాయలూ అందరికీ వడ్డించి, ఏది బాగుందో చెప్పమంది. కొందరు నీలం అన్నారు, కొందరు ఎరుపు అన్నారు, చాలామంది రెండూ ఒకటే అన్నారు. ఒక అంకుల్ మాత్రం, "రెండూ కుళ్ళిపోయినట్టే ఉన్నాయండీ, ఇదెలా తింటారో ఏవిటో" అన్నాడు. ఆ గదిలో నిజాయితీపరుడు ఆయనొక్కడే. పెద్దాంటీ ఎర్ర దారం జాడీ లోంచి రెండోసారి వేయించుకుని, "ఎంత కమ్మగా ఉందండీ! దొరసాని గారి చేతివాసి" అని నాలుగు మెతుకులు కలుపుకుంది.

కొండమామ్మ చేతులు తుడుచుకుని, ఎర్ర దారం జాడీ ఈ పిల్ల పిసికినది, ఆ మూడు రోజుల్లోనే పిసికినది అని చెప్పింది. ఇంగ్లీషు అర్థమైనవాళ్ళు తినడం ఆపారు. అర్థం కానివాళ్ళకు పక్కవాళ్ళు చెప్పారు. పెద్దాంటీ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. మింగాలో ఉమ్మాలో ఏ వాక్యంలోనూ లేదు పాపం. చివరికి మింగింది. మింగి, నీళ్ళు తాగి, నా జీవితంలో నేను విన్న అతి గొప్ప వాదన చేసింది.

"క్యాబేజీకి అంటేంటమ్మా? క్యాబేజీకి తగలదు. మామిడికాయకే తగుల్తుంది."

పదిమంది తలలూపారు. అవునవును, క్యాబేజీ వేరు. అది ఇంగ్లీషు కూర.

నేను ఆ మాటను కొండమామ్మకు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె కుర్చీ పట్టుకుని కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. తర్వాత ఒక్కొక్క మాటే నిదానంగా చెప్పి, ఆమెకు చెప్పు అంది. నేను లేచి నిలబడి చెప్పాను. మా గొంతులు తగ్గించుకోవాల్సిన ఇంట్లో నా గొంతు నాకే గట్టిగా వినపడింది.

"వాళ్ళ ఊళ్ళో అందరూ ప్రమాణం చేసి చెప్తారటండీ, అంటు తగిలేది క్యాబేజీకేనని. మామిడికాయ అంటే ఏంటో వాళ్ళకి తెలీదట."

పెద్దాంటీ భర్త గడియారం చూసుకుని, "సరేలెండి, యల్లా, ప్రార్థన చేసుకుని లేద్దాం" అని అరబ్బీ మాట కలిపి తొందరపెట్టాడు. అందరూ హమ్మయ్య అనుకుని కళ్ళు మూసుకోబోయారు. అప్పుడు మా అమ్మ మాట్లాడింది. పెరుగు గిన్నె చేతిలో పట్టుకుని, గుమ్మంలో నిలబడి, ఎవరి వైపూ చూడకుండా మాట్లాడింది.

"మామిడికాయకి తగిలింది కూడా అంటు కాదు వదినగారూ. అన్నయ్యగారికి బీపీ అని, నేను కొలిచిన ఉప్పులో సగం మీరు వెనక్కి తీయించారు. వద్దండీ, బూజు పడుతుందన్నాను. వాక్యంలో ఉప్పు కాదు సిస్టర్, విశ్వాసం ముఖ్యం అన్నారు. తీసింది ఈ చేతులే." గిన్నె దించి, "మా పిల్ల ఏ హాస్టలుకీ వెళ్ళదు" అంది.

ఆ రోజు ప్రార్థన ఎవరు చేశారో, ఏం చేశారో నాకు గుర్తు లేదు. నాన్న పళ్ళెం వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ సాయంత్రమే కాగితాలు తీసుకెళ్ళి వాళ్ళింట్లో ఇచ్చేసి వచ్చాడు. ఇన్నాళ్ళూ భయపడ్డట్టు ఆకాశమేమీ విరిగి పడలేదు. నాన్న ఉద్యోగం నాన్నకు ఉంది. పెద్దాంటీ రెండు నెలలు మా గడప తొక్కలేదు. అంత హాయిగా ఉన్న రెండు నెలలు మా ఇల్లు మళ్ళీ చూడలేదు.

కాని మనసు మార్చుకున్నవాళ్ళు ఎంతమంది అని అడిగితే, నాకు తెలిసి ఒక్కరూ లేరు. మరుసటి ఏడు ఆవకాయ పెట్టేటప్పుడు పెద్దాంటీ ఉప్పు నిండుగా వేయించింది, ఆడపిల్లల్ని గది బయటే నిలబెట్టింది. ఊరగాయ బాగా కుదిరింది. ఆ ఘనత ఉప్పుకు రాలేదు, బయట నిలబెట్టడానికి వచ్చింది. నమ్మకం అంటే అది. ఓడిపోయిన రోజు మూల కూర్చుంటుంది, ఎవరో గెలిచిన రోజు దండలు వేయించుకోడానికి ముందుకొస్తుంది.

ఆ శుక్రవారం అందరూ వెళ్ళాక నేను మేడెక్కాను. కొండమామ్మ నోటు పుస్తకంలో ఆ క్యాబేజీ మాట కింద కుళ్ళలేదని రాసి, పాత గుర్తు కొట్టేసి, చేసి తెలుసుకున్నదన్న కొత్త గుర్తు పెడుతోంది. అప్పుడు చెప్పింది. తనకు నా వయసున్నప్పుడు తొమ్మిదిమంది చలికాలమంతా తినాల్సిన క్యాబేజీ పీపా కుళ్ళిపోయిందట. ఆ రోజుల్లో ముట్టుకున్నావని నాయనమ్మ ఆమె చేతుల మీద కట్టెతో కొట్టిందట. అప్పటి నుంచి మొన్నటిదాకా ఆమె క్యాబేజీ ఊరగాయ జోలికే పోలేదట. చదువుకుంది, చరిత్ర రాసింది, ఊళ్ళో అందరి మాటకూ గుర్తులు పెట్టింది; ఆ ఒక్క మాటను పరీక్షించే ధైర్యం మాత్రం చేయలేదు. ఆ మూడు వారాలూ తెల్లారకముందే లేచి రెండు జాడీలూ వాసన చూసేదట, నాకంటే ఎక్కువ భయపడుతూ.

నాకు ఆమె మీద కోపం వచ్చింది. అప్పటిదాకా, నిజం తెలిసే ఇదంతా చేసిందనుకున్నాను. నా జాడీ పాడై ఉంటే ఏం చేసేదానివని నిలదీశాను. పాడైందని రాసేదాన్ని, ఇంకో పది జాడీలు పెట్టేదాన్ని అంది. ఆ జవాబుకు నా కోపం దిగిపోయింది. నేను ఆ తర్వాత చదివిన పెద్ద పెద్ద పుస్తకాల్లో ఇంతకంటే నిక్కమైన మాట దొరకలేదు.

ఇప్పుడు నా తల నెరిసింది. ఎన్నో సభల్లో, ఎందరో పండితులతో, పాస్టర్లతో, స్వాములతో వాదించాను. రుజువు చూపిస్తే మారిపోతారని ఆశపడే వయసు దాటిపోయింది. మామిడికాయ కాదంటే క్యాబేజీ, క్యాబేజీ కాదంటే ఇంకోటి. మాట మార్చేవాడికి కూరగాయల కొరత ఉండదు. అలాంటివాళ్ళ ముందు నేనిప్పుడు గొంతు చించుకోను. నా చూపు వాళ్ళ మీద ఉండదు. వెనక వరసల్లో, గుమ్మాల దగ్గర, వడ్డన మధ్యలో ఆగి వింటున్నవాళ్ళ మీద ఉంటుంది. ప్రతి గదిలోనూ ఒకరికి అసలు సంగతి ముందే తెలిసి ఉంటుంది. భయపడి మింగేసుకుని ఉంటారు. నేను మాట్లాడేది ఆ ఒక్కరి కోసం. ఆ ఒక్కరు నోరు విప్పేదాకా వేదిక దిగను.